కాలువ కట్టేశాక ఫ్రాన్సు

దారాలు మూడూ తెగలేదు. ఆమోసు వంగి, రాత్రి ఎవరన్నా తిప్పితే తెగేలా నిన్న సాయంత్రం షట్టరు మరకి కట్టిన నల్లదారాన్ని వేలితో తడిమి చూశాడు. ముడి ఉంది. అంతటితో తృప్తి పడలేదు. ఆ ముడి తను వేసిందేనా, ఎవరన్నా విప్పి మళ్ళీ వేశారా అని ఇంకోసారి చూశాడు. తను వేసిందే. అప్పుడు గేజి రాయి దగ్గరికి దిగి, నీళ్ళు ఏ గీత దగ్గరున్నాయో చూసి, చెవి వెనక పెన్ను తీసి పుస్తకంలో రాశాడు.

ముప్ఫై నాలుగేళ్ళు కాలువ మీద లస్కరుగా చేసినవాడికి ఆ మాత్రం అనుమానం జీతంతో పాటే వస్తుంది. పైనుంచి వచ్చే నీళ్ళు ఏఈ గారు చెప్పిన లెక్కన కిందికి వదలాలి. షట్టరు ఎత్తాలి, దించాలి. పని అంతే, మిగతాదంతా కాపలా. చేలవాళ్ళు చీకట్లో రెంచీ పట్టుకొస్తారు. చేపల చెరువులవాళ్ళు ఏకంగా మోటార్లే దించుతారు. తెల్లారాక ఎదురుపడితే ఇద్దరూ "ఏం ఆమోసూ, బాగున్నావా?" అంటారు. అలా అడిగినవాణ్ణి ఆమోసు ఏనాడూ తేలిగ్గా తీసుకోలేదు. వీడికేం కావాలి అన్నదే మొదటి ఆలోచన.

పొట్టి మనిషి. యాభై ఎనిమిదేళ్ళు. షట్టర్లు తిప్పీ తిప్పీ భుజాలు మాత్రం ఒంటికి మించి వెడల్పయ్యాయి. అరచేతులు రేకుల్లా గట్టిపడ్డాయి. ఓ వరదలో గొలుసు తెగి తగిలినప్పటినుంచీ ఎడమకాలు కొంచెం విసిరి నడుస్తాడు. ఖాకీ చొక్కా కాలరు చిరిగితే భార్య సంపూర్ణమ్మ తిరగేసి కుట్టింది. అది ఎవరికీ కనపడదని ఆమె అంటుంది గానీ, అందరూ చూస్తున్నారనే ఆయన నమ్మకం.

షట్టర్ల పక్కనే పాత లాకు ఉంది. పడవలు తిరిగిన రోజుల్లో, పై కాలువ నుంచి కింది కాలువకి పడవని దించే చోటు అది. ముందొక జత తలుపులు, వెనకొక జత. మధ్యలో రాతి గది. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, ముందు తలుపుల అడుగున ఉన్న పలకలు చక్రంతో ఎత్తితే నీళ్ళు మెల్లగా దిగుతాయి, పడవా దిగుతుంది. ఆమోసు తండ్రి ఆ చక్రాలు తిప్పినవాడే. ఆయన పోయాక ఉద్యోగం ఆమోసుకొచ్చింది. అయితే అప్పటికే పడవలు లేవు. పడవ దాటించని లాకుకి ముప్ఫై నాలుగేళ్ళు కాపలా కాశాడు మహానుభావుడు!

వేపపుల్ల నములుతూ రోజూలాగే అటు వెళ్ళినవాడు టక్కున ఆగిపోయాడు.

పలకలెత్తే పళ్ళచక్రానికి గ్రీజు ఉంది. తుప్పు గీకి, పన్నుపన్నుకీ పట్టించిన కొత్త గ్రీజు. ఆవలి గట్టు చక్రానికీ అంతే. కింద తడిమట్టిలో బూటు అచ్చు, మడమ దగ్గర చుక్కలు చుక్కలుగా.

నలభై ఏళ్ళుగా తిరగని చక్రానికి ఎవడన్నా పుణ్యానికి గ్రీజు పెడతాడా? ఆ పలకలు ఎత్తితే నీళ్ళు షట్టర్లతో పని లేకుండా, దారాలు తెగకుండా, పుస్తకంలోకి ఎక్కకుండా కిందికి పోతాయి. కింద మొట్టమొదట తగిలేది జ్ఞానేశ్వర్ చెరువుల తూము. ఈ కట్ట మీద పొద్దున్నే బూట్లేసుకుని నడిచే మనిషీ జ్ఞానేశ్వర్ ఒక్కడే. ఇంకో పద్దెనిమిది రోజుల్లో వేసవికి కాలువ కట్టేస్తారు. ఆలోగా చెరువులు నింపుకోవాలి.

"అదీ సంగతి," అన్నాడు ఆమోసు పైకే. మూడు నెలలుగా వెతుకుతున్నది దొరికింది. దొరికినందుకు సంతోషం కలగాలి కదా, కలగలేదు.

సంగతేమిటంటే, ఆమోసు ఫ్రాన్సు వెళ్తున్నాడు. నవ్వొస్తుంది గానీ నిజం.

జ్ఞానేశ్వర్, ఆమోసు ఎనిమిదో తరగతి దాకా ఒకే బెంచీ. తర్వాత వాళ్ళ నాన్న బట్టల కొట్టు, ఆ పైన హనుమాన్ జంక్షన్‌లో మేడ, ఆ పైన నలభై ఎకరాల చెరువులూ జ్ఞానేశ్వర్‌కి వచ్చాయి. ఆమోసుకి షట్టర్లు వచ్చాయి. మొన్న జనవరిలో ఆ జ్ఞానేశ్వర్ పొద్దుటి నడకలో లాకు గోడ మీద కూర్చుని, ఫోను చూపించి, "ఇది చూడరా," అన్నాడు. ఫ్రాన్సులో ఓ పాత కాలువ. రెండు పక్కలా పెద్ద పెద్ద చెట్లు. మనిషి నడిచినంత మెల్లగా పోతున్న పడవ. అందులోనే వంటిల్లు, అందులోనే మంచాలు. "అద్దెకిస్తారంట. లైసెన్సు కూడా అక్కర్లేదంట. మేలో నీ కాలువ కట్టేస్తారుగా, నీకేం పని? నెలరోజులు పోదాం రా. నా భార్య పోయాక నాకు ఇంట్లో తోచట్లేదు. నాకు కాలువంటే ఎలాగూ నువ్వే గుర్తొస్తావు."

"ఏమేం చూస్తామండీ?" అన్నాడు ఆమోసు. ఎనిమిదో తరగతి తర్వాత ఆయన్ని ఎప్పుడూ మీరూ అండీలే.

"ఏమో. పడవ ఆగిన చోట ఆగుదాం. రొట్టె కొనుక్కుందాం. నిద్రొస్తే పడుకుందాం. ప్లానేం లేదు. పడవెక్కాక ఈ అండీ అన్నావంటే నీళ్ళలోకి తోస్తా."

ప్లానేం లేదు! చేపకి వేసే తవుడు సంచులు కూడా ఎన్నో చెప్పగల మనిషి, ప్లాను లేదంటాడు. నెలరోజులు, విమానం ఖర్చు పెట్టి, బంధువుల్లో ఒక్కణ్ణీ కాకుండా, మాలపల్లె ఆమోసుని పక్కన కూర్చోబెట్టుకుని, ఒకే గిన్నెలో వండుకు తింటాడట. ఎందుకూ? ఆ ఎందుకు అనేది ఆమోసుకి ఒంట్లో ముల్లులా ఉండిపోయింది. ఆ రోజునుంచీ ఆయన నీళ్ళ మాట ఎప్పుడెత్తుతాడా అని కాచుకుని ఉన్నాడు. ఆయనేమో ఎత్తడు. ఎత్తకపోయే కొద్దీ అనుమానం పెరిగింది.

అనుమానం ఒక్క ఆమోసుకే అనుకోకండి. పర్మిషను కోసం వెళ్తే ఏఈ గారు కాగితం పట్టుకుని పైనుంచి కిందికి చూశారు. "ఫ్రాన్సా? ఏం పని మీద?"

"పనేం లేదండి."

"పని లేకుండా ఎవరన్నా ఫ్రాన్సు వెళ్తారా ఆమోసూ?"

పటమటలో ట్రావెల్ ఆఫీసు అమ్మాయి ఇంకో అడుగు ముందుకేసింది. ఏ రాత్రి ఏ ఊళ్ళో పడుకుంటారో ముప్ఫై రాత్రులకీ రాసివ్వందే వీసా రాదంది. "రాత్రయిన చోట పడుకుంటామమ్మా," అన్నాడు జ్ఞానేశ్వర్. ఆ అమ్మాయి వీళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసింది. చివరికి ఆవిడే ఓ మ్యాపు తీసి, ఊళ్ళ పేర్లు వరసగా రాసేసింది. ఆమోసు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి, రాత్రికో ఊరు చొప్పున చదువుకున్నాడు. పేర్లు నోరు తిరగవు. అయినా చదివాడు.

అదీ అసలు ఇబ్బంది. జ్ఞానేశ్వర్‌ని అనుమానిస్తూనే, ఆమోసుకి వెళ్ళాలని ఉంది. చచ్చేంత ఉంది. సంపూర్ణమ్మ చూడకుండా పటమట ఫుట్‌పాత్ మీద బూడిదరంగు స్వెట్టరు కొని, ఏప్రిల్ ఎండలో తలుపేసుకుని తొడిగి చూసుకున్నాడు. మధ్యాహ్నాలు ఫోనులో ఆ కాలువే చూసేవాడు. ఓ వీడియోలో లాకు కాపలావాడు కనిపిస్తాడు. ముసలివాడు, టోపీ పెట్టుకుని ఉంటాడు. గుమ్మం ముందు పూలకుండీలు, కోళ్ళు. పడవ రాగానే నవ్వుతూ వచ్చి తాడు అందుకుంటాడు. ఎవరు, ఎందుకొచ్చారు, ఏం కావాలి అని అడగడు. ఆమోసు ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ చూశాడు. అదే పని, అదే నీళ్ళు, అదే చక్రం. ఎవరి మీదా అనుమానం లేకుండా ఆ పని చేస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి దగ్గర్నుంచి చూడాలని ఆయన ఆశ. ఈ మాట భార్యకి కూడా చెప్పలేదు.

సంపూర్ణమ్మ పుట్టింటివాళ్ళు గుణదల చర్చి మొక్కులవాళ్ళు. "కొండ మీద మాత గుహ ఆ దేశంలోదాన్ని చూసే కట్టారంట. వీలైతే ఓ సీసాడు నీళ్ళు పట్రా," అంది. "నేనా? నెల్రోజులు పడవలోనా? నాకు కడుపులో తిప్పుద్ది. మీరిద్దరూ పోండి, ఇల్లు ప్రశాంతంగా ఉంటది."

ఇవాళ ఆవిడ పెట్టిన ఇడ్లీలు సగం వదిలేసి లేచాడు ఆమోసు.

"ఏమయింది?"

"గ్రీజు పెట్టాడు."

"ఎవురు? దేనికి?"

చెప్పాడు. సంపూర్ణమ్మ చేతిలో చట్నీ గరిటె అలాగే పట్టుకుని విన్నది. "నీళ్ళు దొంగిలించేవాడు బూట్లేసుకుని, అచ్చులు పెట్టి మరీ పోతాడా? ఏమో, నువ్వూ నీ దారాలూ! నోరు పారేసుకోమాక."

"నీకు తెలీదులే," అని బండి తీశాడు.

జ్ఞానేశ్వర్ చెరువు గట్టు మీద రేకుల షెడ్డు ముందు, నవారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. లుంగీ, బనీను, కాళ్ళకి ఆ బూట్లే. చెరువులో కాపలాదారు జక్కయ్య తెప్ప మీద నిలబడి, చిల్లులు పెట్టిన తవుడు సంచుల్ని కర్రలకి కడుతున్నాడు.

"రారా ఆమోసూ. టీ పెట్టమంటా."

"వద్దండి. లాకు దగ్గరికి ఎవరొచ్చారండి?"

జ్ఞానేశ్వర్ మొహం దొరికిపోయిన పిల్లాడి మొహంలా వెలిగింది. "అప్పుడే కనిపెట్టేశావా?"

ఆ నవ్వు చూసేసరికి ఆమోసుకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ముప్ఫై నాలుగేళ్ళ నౌకరీ అండీ నాది. నీళ్ళు కావాలంటే నీళ్ళే అడగాల్సింది. అడిగితే కాదనేవాణ్ణి, అది మీకూ తెలుసు. అందుకనేగా ఈ పడవలూ గిడవలూ? ఆ నాలుగు తడుల కోసం నన్ను ఫ్రాన్సు దాకా తిప్పాలా?"

జ్ఞానేశ్వర్ నవ్వు మెల్లగా ఆరిపోయింది. "సాయంత్రం నేనే లాకు దగ్గరికొస్తా. వచ్చి చూపిస్తా. అప్పటిదాకా ఆగరా."

"ఏం చూపిస్తావు? ఆ రోజు మాస్టారి సైకిలు లాకులో పడ్డప్పుడు చూపించావుగా! తోసింది నువ్వు. తన్నులు నాకు. బడి మానేసింది నేను. నువ్వు నోరు మూసుకుని నిలబడ్డావు. నువ్వేంటో నాకు తెలీదా?"

తెప్ప మీద జక్కయ్య కడుతున్న ముడి ఆపేశాడు. నలభై నాలుగేళ్ళు ఎక్కడ దాచాడో ఆ మాట, ఆమోసుకే తెలీదు.

"అది నేను మర్చిపోయాననుకున్నావట్రా?" అన్నాడు జ్ఞానేశ్వర్. గుండె మీద బనీను పిడికిట్లో పట్టుకుని రుద్దుకున్నాడు. తర్వాత చిత్రంగా మళ్ళీ కొంచెం నవ్వాడు. "పోన్లే. ఇప్పటికి నన్ను నువ్వన్నావు."

"నా పాస్‌పోర్టు నాకిచ్చెయ్."

వచ్చే వారం ఇద్దరూ హైదరాబాదు వెళ్ళి వేలిముద్రలు ఇవ్వాలి. ఆ కాగితాలన్నీ జ్ఞానేశ్వర్ దగ్గరే ఉన్నాయి. ఆయన షెడ్డులోకి వెళ్ళి, సంచీలోంచి తీసి, పైన పడ్డ తవుడు లుంగీతో తుడిచి ఇచ్చాడు. "సాయంత్రం వస్తా," అన్నాడు మళ్ళీ.

"రావద్దు," అని బండెక్కాడు ఆమోసు.

చెరువు గట్లు దాటేదాకా ఛాతీ పొంగిపోయింది. అడిగేశాడు. మొహం మీదే అడిగేశాడు! లాకు మలుపు తిరిగేసరికి ఆ పొంగు ఎటు పోయిందో. ఇంటికొచ్చి అన్నంలో పులుసు కలిపాడు, తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు. స్వెట్టరు తీసి చూశాడు. సంపూర్ణమ్మ చూడనే చూసింది.

"ఎప్పుడు కొన్నావు?"

"ఎప్పుడో. ఇంక అక్కర్లేదు."

"ఎంత ముద్దుగా ఉందో," అంది ఆవిడ దాన్ని చేత్తో నిమిరి. మళ్ళీ మడతపెట్టి ఆయన పక్కనే పెట్టింది. అది మరీ కష్టంగా ఉంది.

మధ్యాహ్నం ఏఈ గారు ఫోను చేస్తే రెండో షట్టరు రెండు తిప్పులు ఎత్తాడు. గేజి రాశాడు. కట్ట మీద గేదెల్ని అదిలించాడు. నాలుగు దాటాక ఏ పనీ లేకపోయినా వెళ్ళి లాకు గోడ మీద కూర్చున్నాడు. రావద్దన్నది తనే. అయినా కూర్చున్నాడు. వస్తే ఏమనాలో వరస పెట్టుకున్నాడు. మొహం చూడకూడదు. అడిగితేనే పలకాలి. చెప్పేది వినాలి, వినకూడదనేం లేదు కదా. చెప్పేది నిజమే అయితే, అప్పుడు పాస్‌పోర్టు జేబులోనే ఉంది.

అయిదయింది. అయిదున్నరయింది. కట్ట మీద బూట్ల చప్పుడు లేదు.

"చూశావా? రాలేదు," అనుకున్నాడు. నెగ్గినట్టే ఉంది, ఏడుపూ వస్తోంది.

ఆరింటికి జక్కయ్య సైకిలు మీద వచ్చాడు. దిగి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఆసామి చనిపోయారండి."

ఆమోసు నమ్మలేదు. గేజి రాయిని చూసినట్టు జక్కయ్య మొహంలోకి చూశాడు. ఇదేం ఎత్తు, నన్ను అక్కడికి రప్పించడానికా అనుకున్నాడు. ఆ ఒక్క క్షణం అలా అనుకున్నాడు, దేవుడి సాక్షిగా అనుకున్నాడు. జక్కయ్య తలగుడ్డతో కళ్ళు తుడుచుకోవడం చూశాక గాని గోడ దిగలేదు.

"అన్నం తిని మంచం మీద పడుకున్నారండి. నాలుగింటికి లేపమన్నారు. లేపితే లేవలేదు. డాక్టరు గుండె అన్నాడు. మీరు రాకముందు నుంచే, పొద్దుట్నుంచీ నొప్పి ఉండే ఉంటదన్నాడు, నాతో కూడా చెప్పలేదు. ఇప్పుడే చుట్టాలొచ్చి కార్లో ఇంటికి తీసుకెళ్ళారు. ఓసారి షెడ్డు కాడికి రండి. మీవి అక్కడ ఉండిపోయినయ్."

"నావా? నావేం లేవు అక్కడ."

"ఉన్నయ్ రండి."

ఎలా వెళ్ళాడో తెలీదు. షెడ్డు ముందు మంచం అలాగే ఉంది. దిండు మధ్య తల పెట్టిన గుంట ఉంది. కాళ్ళవైపు గోనె పరిచి, దాని మీద రెండు ఇనప పిడులు పెట్టి ఉన్నాయి. వంచి, కొసన చదరపు బెజ్జం తీసిన పిడులు. చూడగానే ఆమోసుకి అర్థమైంది. లాకు చక్రాలు తిప్పే పిడులవి. తండ్రి వాడినవి ఏ పాత ఇనుము బండిలోనో ఎప్పుడో వెళ్ళిపోయాయి.

"మీరెళ్ళగానే నన్ను జంక్షన్‌లో లేత్ షాపుకి తోలారండి, ఇయ్యి తెమ్మని," అన్నాడు జక్కయ్య. "ఇయ్యాల తెల్లారగట్ల పోయి గ్రీజు పెట్టొచ్చారు, తుప్పు వదలాలని. ఆ దేశంలో కొన్ని లాకులు పడవలోవాళ్ళే దిగి తిప్పుకోవాలంట కదండీ. 'ఆమోసు దగ్గర నేర్చుకోకుండా ఎక్కితే వాడు నన్ను చూసి నవ్వుతాడురా' అన్నారు. మరి ఆయనకి ముందే చెప్పొచ్చుగా అన్నా. 'చెప్తే డ్యూటీ అంటాడు, ఏఈ గారి పర్మిషను అంటాడు. పిడులు చేతిలో పెడితే ఇంకేం అనడు' అన్నారు."

ఆమోసు మంచం పట్టె మీద కూర్చున్నాడు. చెరువు మీద కొంగలు గూళ్ళకి పోతున్నాయి. తవుడు సంచుల దగ్గర చేపలు ఎగిరి పడుతున్నాయి.

"మీరు తిట్టిపోయాక కోపం వచ్చిందాండీ అని అడిగా," అన్నాడు జక్కయ్య. "లేదురా, తిట్టాల్సినవాడే తిట్టాడు అన్నారు. పప్పన్నం బాగానే తిన్నారండి."

"నేను రావద్దన్నా జక్కయ్యా," అన్నాడు ఆమోసు. మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు. పొట్టి మనిషి ఇంకా పొట్టిగా అయిపోయాడు. "వస్తానన్నాడు. నేనే రావద్దన్నా."

జక్కయ్య ఏం చెయ్యాలో తెలీక చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు. చీకటి పడకముందే ఆసామి ఇంటి దగ్గరికి వెళ్ళాలి, దండ పట్టుకెళ్ళాలి, లోపలికి రానిస్తారో గుమ్మంలో నిలబడాలో చూసుకోవాలి అన్నాడు. ఆమోసు లేచాడు.

"ఒకటి మీకు, ఒకటి ఆయనకండి. ఈ గట్టున ఒకరు, ఆ గట్టున ఒకరు ఉండాలంటగా. రెండూ మీరే తీసుకెళ్ళండి, ఇక్కడుంటే ఎవడన్నా అమ్ముకుంటాడు."

ఆమోసు ఒకటి తీసుకున్నాడు. బరువుగా, అరచేతికి సరిపోయేలా, పైన ఏ గుడ్డా చుట్టకుండా ఉంది. రెండోదాని మీదికి చెయ్యి పోయింది గానీ తియ్యలేకపోయాడు. షట్టర్లు తిప్పని తన మెత్తటి చేతులు బొబ్బలెక్కుతాయని జ్ఞానేశ్వర్, పట్టుకునే చోట కొత్త తుండుగుడ్డ చింపి నాలుగు చుట్లు చుట్టి, కొస లోపలికి దోపిన పిడి, ఇంకా ఎవరి చెమటా అంటకుండా మంచం మీద ఉంది.